బి మైనస్ ఇల్లు, మా ఐదేళ్ళ లెక్క

పోయిన నెల, అమెరికాలో అద్దెకివ్వడానికి ఇళ్ళు కొనేవాళ్ళ మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. "ఇండియానాపోలిస్. 3 బెడ్, 1 బాత్. టెనెంట్ ఉన్నారు. బి మైనస్ క్లాస్, 9 క్యాప్. ముందొచ్చినవాళ్ళకే." క్లాస్ అంటే ఇంటికీ పేటకీ వేసే గ్రేడు, క్యాప్ అంటే ఖర్చులు పోగా ఏడాదికి మిగిలే అద్దె ధరలో ఎంత శాతమో. కింద గబగబా పదిహేను మంది ‘ఇంట్రెస్టెడ్’ అని పెట్టేశారు. అది బి మైనస్ అని ఎవరు తేల్చారని ఒక్కరూ అడగలేదు. నాకైతే అడగడానికి మొహం చెల్లలేదు. 2019లో అచ్చం ఇలాంటి మెసేజ్ చూసే మా ఆయనా నేనూ అదే ఊళ్ళో ఒక ఇల్లు కొన్నాం మరి. డాలస్ పక్కన మా ఇంట్లో కూర్చుని, దాదాపు 900 మైళ్ళ దూరంలో ఉన్న ఆ వీధిని ఫోన్‌లో తప్ప చూడకుండా.

ఆ సాయంత్రమే తెలిసిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అక్కా, సి క్లాస్ జోలికి పోవద్దంటారు కదా, ఇదేమో బి మైనస్ అంటున్నారు. తీసుకోవచ్చా?" గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక, అసలు చెప్పాల్సింది చెప్పనే లేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చెప్పాలనుకున్నది ఇది. పాత ఇళ్ళలో, తక్కువ అద్దె వచ్చే పేటల్లో, కాగితం మీద రెండు మూడు శాతం ఎక్కువ రాబడి కనిపిస్తుంది. రిస్క్ తీసుకున్నందుకు మన డబ్బుకి దక్కే ప్రతిఫలం అనుకుంటాం దాన్ని. అందులో చాలా భాగం కూలి అని నాకు ఐదేళ్ళకి అర్థమైంది. ఆ ఇంటి వెనక ఎవరో ఒకరు పని చెయ్యాలి, ఆ పనికిచ్చే కూలి అది. మేం పని మరొకరికి అప్పజెప్పి, కూలి మాత్రం మాకు రావాలనుకున్నాం.

ఆ అక్షరం ఎవరు వేశారు?

ఎ అంటే కొత్తవి, బి అంటే కాస్త పాతబడినవి, సి అంటే ముప్పై నలభై ఏళ్ళు దాటినవి, డి అంటే దూరంగా ఉండాల్సినవి. ఈ మాత్రం అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఈ అక్షరాలు వేసే ఆఫీసు ఏదీ లేదన్న సంగతి. ఆఫీసు భవనాలకైతే బోమా అనే యజమానుల సంఘం ఎ, బి, సి అంటే ఏమిటో నిర్వచనాలు రాసిపెట్టింది. అద్దె ఇళ్ళకి అందరూ ఒప్పుకున్న పట్టిక ఏదీ లేదు. అమ్మేవాడు ఏది అంటే అదే.

మా ఇల్లు 1955లో కట్టింది. అమ్మిన టర్న్‌కీ కంపెనీవాళ్ళ (ఇల్లు బాగుచేసి, అద్దెకి సిద్ధంగా అమ్మేవాళ్ళు) కాగితంలో బి మైనస్ అని ఉంది. కొన్న మూడో నెలలో, ఏదో మాటల్లో, మా ప్రాపర్టీ మేనేజర్‌ని ఇది ఏ క్లాస్ అంటారని అడిగాను. "సి. మీ వెనక వీధి అయితే సి మైనస్" అన్నాడు, వాతావరణం చెప్పినంత తేలిగ్గా. ఇన్సూరెన్స్ ఏజెంట్ ఈ అక్షరాల ఊసే ఎత్తలేదు. రూఫ్ వేసి ఎన్నేళ్ళయింది, వైరింగ్ ఎప్పటిది, బ్రేకర్ ప్యానెల్ ఏ రకం అని అడిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇంటి గురించి పనికొచ్చే ప్రశ్నలు అడిగింది ఆవిడొక్కతే.

ఫోన్ చేసిన కుర్రాడు ఇంకో మాటన్నాడు. ఏడాది క్రితం అతను చూసిన ఇంకో ఇంటి అప్రైజల్‌లో, అంటే ఇంటి విలువ కట్టే రిపోర్టులో, ‘సి3’ అని ఉందట, సి క్లాస్ అనుకుని భయపడి వదిలేశాడట. నవ్వు ఆపుకున్నాను. అప్రైజల్ ఫారంలో సి అక్షరం ఇంటి కండిషన్‌ది. సి1 అంటే సరికొత్తది, సి6 అంటే బాగా దెబ్బతిన్నది. సి3 అంటే చక్కగా చూసుకుంటున్న ఇల్లనే అర్థం. ఒక పద్ధతి ప్రకారం, మనిషి లోపలికెళ్ళి చూసి వేసిన గ్రేడుని చూసి పారిపోయాడు. అమ్మేవాడు సొంతంగా వేసుకున్న గ్రేడుని మాత్రం నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. అతన్ని అనడానికి నాకేం అర్హత ఉంది గనక!

మరో విచిత్రం. మేం ఉండటానికి ఇల్లు కొన్నప్పుడు, "ఈ ఏరియా మంచిదేనా?" అని మా రియల్టర్‌ని అడిగితే ఆవిడ నోరు విప్పలేదు. పోలీసుల వెబ్‌సైట్ చూసుకోండి, స్కూల్ రేటింగులు చూసుకోండి అంది. ఇళ్ళ విషయంలో వివక్ష చూపకూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టం వల్ల ఏజెంట్లు ఆ విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతారు, కొనేవాళ్ళని ఏ పేట వైపైనా నెట్టినట్టు ఉండకూడదని. అదే దేశంలో, అద్దెకిచ్చుకోవడానికి కొంటున్నామనగానే, ఊరంతా ఎ, బి, సి, డి రంగులేసిన మ్యాపు ఈమెయిల్‌లో వచ్చి పడింది.

46 డాలర్ల మెయింటెనెన్స్

ఇక లెక్క. ధర 84 వేల డాలర్లు. అంత చిన్న లోన్ ఇచ్చే లెండర్ దొరక్క మొత్తం సొంత డబ్బే పెట్టాం. అద్దె నెలకి 925, ఏడాదికి 11,100. కంపెనీవాళ్ళు ఇందులోంచి ప్రాపర్టీ ట్యాక్స్ 1,600, ఇన్సూరెన్స్ 800, మేనేజ్‌మెంట్‌కి పది శాతం, అంటే 1,110 తీసేశారు. మిగిలింది 7,590. దాన్ని 84 వేలతో భాగిస్తే 9 శాతం. ఇదే ఆ ‘9 క్యాప్’. ఇల్లు ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు, ఒక్క కుళాయి కూడా కారదు అనుకుంటే సరిపోయే లెక్క.

మేం అంత అమాయకులం కాదని మా నమ్మకం. ఖాళీకి ఐదు శాతం, రిపేర్లకి ఐదు శాతం మేమే కలుపుకున్నాం. 7.7 శాతం తేలింది. ఫర్వాలేదనుకున్నాం.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఇది మా ఇంటికే పరిమితం కాదు. రిపేర్లని అద్దెలో శాతంగా లెక్కేశాం. 925లో ఐదు శాతం అంటే నెలకి 46 డాలర్లు, ఏడాదికి 555. రెండో ఏడాది వాటర్ హీటర్ పోయింది, 1,300 అయింది. రెండేళ్ళు కూడబెట్టినా ఆ ఒక్క హీటర్‌కి చాలలేదు. ఇల్లు ఏ పేటలో ఉందన్నది వాటర్ హీటర్‌కి పట్టదు. 2,600 అద్దె వచ్చే ఇంట్లో అది సగం నెల అద్దె, మా ఇంట్లో నెలన్నర అద్దె. ప్లంబర్ గంట కూలీ అంతే, రూఫ్ షింగిల్స్ అంతే, ఫర్నేస్ అంతే. అద్దె మూడో వంతు అయినంత మాత్రాన ఖర్చు మూడో వంతు కాదు. పైగా పాత ఇల్లు కాబట్టి ఆ ఖర్చు తరచుగా వస్తుంది.

తర్వాత సీవర్ లైన్. ఆ కాలపు ఇళ్ళకి మట్టి పైపులుండేవి, వాటి అతుకుల్లోకి చెట్ల వేళ్ళు దూరతాయి. మూడో ఏడాది బేస్‌మెంట్‌లోకి మురుగు ఎగదన్నింది. తవ్వి మార్చడానికి 6,200. కొనేముందు 200 డాలర్లు పెట్టి పైపులోకి కెమెరా పంపించి ఉంటే ముందే తెలిసేది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ముప్పై పేజీలు వచ్చింది, అందులో గడప దగ్గర పెచ్చులూడిన పెయింటు ఫోటో కూడా ఉంది. భూమి కింద ఏముందో మాత్రం లేదు.

ఐదేళ్ళలో చేతికొచ్చిన అద్దె 49,300. ఇల్లు ఐదు నెలలు ఖాళీగా ఉంది, రెండో టెనెంట్ వెళ్ళిపోతూ 1,575 ఎగ్గొట్టాడు. ట్యాక్సులకి 8,300, ఇన్సూరెన్స్‌కి 4,600, మేనేజర్‌కి 4,930, కొత్త టెనెంట్లని వెతికినందుకు విడిగా 1,900. రిపేర్లు, టెనెంట్ మారినప్పుడల్లా వేసిన పెయింట్లూ కార్పెట్లూ అన్నీ కలిపి సరిగ్గా 20 వేలు. మిగిలింది 9,570. ఏడాదికి 1,914. అంటే 2.3 శాతం.

ఇది చదివి, మేనేజర్‌కి పది శాతం ఇచ్చారుగా, ఆ పని అతను చేసినట్టే కదా అని మా ఆయనే అన్నాడు. అక్కడే ఉంది కిటుకు. మా ఇంటి మీద అతనికి నెలకి 92 డాలర్లు వస్తాయి. డాలస్‌లో 2,600 అద్దె ఇంటికి ఎనిమిది శాతం తీసుకునే మేనేజర్‌కి 208 వస్తాయి, పని అందులో సగం కూడా ఉండదు. 92 డాలర్లకి అతను మూడు కొటేషన్లు తెప్పించడు, ప్లంబర్‌తో బేరమాడడు, కారుతున్న కుళాయిని చూడ్డానికి తనే వెళ్ళడు. ఎవరో ఒకరిని పంపిస్తాడు, బిల్లు నాకు పంపిస్తాడు. అతన్ని నేను తప్పుపట్టను, అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను. ఆ ఇంటికి కావలసినంత పనికి సరిపడా డబ్బు ఎవరికీ అందలేదు. అమ్మేవాడి కాగితంలో మాత్రం అది ‘రాబడి’ అనే వరుసలో కూర్చుంది.

బాబాయ్ శనివారాలు

నా వాదనకి అడ్డం తిరిగే మనిషి మా చుట్టాల్లోనే ఉన్నాడు. వరసకి బాబాయ్ అవుతాడు, ఒహాయోలో ఉంటాడు. పదకొండు ఇళ్ళు, అన్నీ సి క్లాసే అని తనే చెప్తాడు, అన్నీ తన ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే. పది శాతం పైనే మిగులుతుందంటాడు, లెక్కలు చూపించాడు కూడా. మరి నేను చెప్పేది తప్పా?

కిందటి థాంక్స్‌గివింగ్‌కి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక శనివారం ఆయన వెంట తిరిగాను. పొద్దున్నే ఒక ఇంట్లో తాళం మార్చాడు. రెండో ఇంట్లో ఫర్నేస్ ఫిల్టర్ మార్చి, ఆ ఇంటావిడతో ఆవిడ కొడుకు ఉద్యోగం గురించి పావుగంట మాట్లాడాడు. మూడో ఇంటికి సెక్షన్ 8 అనే ప్రభుత్వ అద్దె సాయం పథకంవాళ్ళ ఇన్‌స్పెక్షన్ ఉంది. టెనెంట్ తన ఆదాయంలో దాదాపు 30 శాతం కడితే మిగతా అద్దె హౌసింగ్ అథారిటీయే నేరుగా బాబాయ్ ఖాతాలో వేస్తుంది. కాకపోతే కిటికీ గడియ పడకపోయినా, పెయింట్ పెచ్చులూడినా ఇన్‌స్పెక్షన్ ఫెయిల్ చేస్తారు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం పెయింటు భయం కూడా ఉంటుంది. బాబాయ్ ముందురోజే వెళ్ళి ప్రతి కిటికీ తీసి మూసి చూసుకున్నాడట.

తిరిగొస్తూ కార్లో అడిగాను, ఈ శనివారాలకి గంటకింత అని లెక్కగట్టి తీసేస్తే ఎంత మిగులుతుంది బాబాయ్ అని. కాసేపు మాట్లాడలేదు. "అలా లెక్కేస్తే నాలుగో ఐదో. కానీ అమ్మా, నాకిది రెండో ఉద్యోగం. రిటైరయ్యాక ఇదే మొదటిది" అన్నాడు.

బాబాయ్ కూలి బాబాయే తీసుకుంటున్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆయన్ని చూసి, ఆయన శనివారాలు లేకుండా, ఆయన పది శాతం మాకు వస్తుందనుకోవడం దగ్గరే మా లెక్క తప్పింది.

అయితే ఎ క్లాస్ కొనమంటావా?

అనను. ఆ రుచీ చూశాం. మేం మొదట ఉన్న ఇల్లు, 2016లో కట్టింది, స్కూళ్ళకి పదికి తొమ్మిది రేటింగు, ఏ మ్యాపులో చూసినా ఎ క్లాసే. పెద్దింట్లోకి మారినప్పుడు దాన్ని అమ్మకుండా అద్దెకిచ్చాం. మారిన మరుసటి ఏడాదే హోమ్‌స్టెడ్, అంటే సొంతంగా ఉండే ఇంటికిచ్చే ట్యాక్స్ రాయితీ, పోయింది. సొంతంగా ఉంటున్న ఇంటికైతే టెక్సస్‌లో ట్యాక్స్ వేసే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెంచరు. అద్దెకిచ్చిన ఇంటికి అప్పట్లో ఆ అడ్డుకట్ట లేదు. ట్యాక్సు, కాలనీ సంఘానికి కట్టే హెచ్‌వోఏ, ఇన్సూరెన్స్, లోను పోగా నెలకి 300 దాకా మేమే ఎదురు వేసుకున్నాం. అంటే అది అద్దె వ్యాపారం పేరు పెట్టుకుని, ధర పెరుగుతుందని కాసిన పందెం.

టెనెంట్లు మాత్రం బంగారం. ఫస్ట్ తారీఖున అద్దె, బల్బు వాళ్ళే మార్చుకునేవాళ్ళు. కానీ పద్నాలుగో నెలలో సొంతిల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినతనికి లేఆఫ్ అయి మధ్యలోనే లీజు వదిలేశాడు. మంచి క్రెడిట్ స్కోరు ఉన్నవాళ్ళకి వెళ్ళిపోయే దారులూ ఎక్కువే ఉంటాయని నేను ముందు ఆలోచించలేదు. సి క్లాస్ ఇంట్లో మా మొదటి టెనెంట్, గోడౌన్‌లో నైట్ షిఫ్టు చేసే ఆవిడ, రెండున్నరేళ్ళు ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోక వేరే ఊరు వెళ్ళాల్సొచ్చింది. బయల్దేరే ముందు ఇల్లంతా శుభ్రం చేసి ఫోటోలు పంపింది. అలాంటావిడని మా మేనేజర్ కాగితంలో ‘సి క్లాస్ టెనెంట్ ప్రొఫైల్’ అని రాశారు.

ఆ మాట నాకు చాలాకాలం తర్వాత గుచ్చుకుంది. 1933లో పెట్టిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఆ దశాబ్దంలోనే రెండు వందలకు పైగా ఊళ్ళకి మ్యాపులు తయారు చేసింది. ఎ కి ఆకుపచ్చ, బి కి నీలం, సి కి పసుపు, డి కి ఎరుపు. డి అంటే ‘ప్రమాదకరం’. రెడ్‌లైనింగ్, అంటే కొన్ని పేటలకి లోన్లు ఇవ్వకుండా పక్కన పెట్టడం, అనగానే గుర్తొచ్చేవి ఈ మ్యాపులే. రిచ్‌మండ్ యూనివర్సిటీవాళ్ళు వాటిని ఆన్‌లైన్‌లో పెట్టారు, పేటల వివరాలు రాసిన ఫారాలతో సహా. ఆ ఫారాల్లో ఇళ్ళ వయసుకి ఒక గడి, నల్లవాళ్ళు ఎంత శాతం అన్నదానికి ఒక గడి, ఎవరు ‘చొరబడుతున్నారు’ అన్నదానికి ఇంకొక గడి. బ్యాంకులు ఆ మ్యాపులనే చూసి లోన్లు ఆపేశాయా, లేక అప్పటికే జరుగుతున్నది మ్యాపుల్లోకి ఎక్కిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇప్పటి అక్షరాలు ఆ అక్షరాల నుంచే వచ్చాయని నేను అనడం లేదు. ఇల్లు, వీధి, అందులో ఉండే మనిషి, ముగ్గురికీ కలిపి ఒకే అక్షరం వేసే అలవాటు మాత్రం ఆ ఫారాల్లో కనిపించినంత స్పష్టంగా నాకింకెక్కడా కనిపించలేదు.

అక్షరం మార్చే బేరం

పదిమంది డబ్బు కలిపి పెద్ద భవనాలు కొనే సిండికేషన్ల గురించి ఎక్కువ రాయను, గ్రూపులో చేతులు కాల్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. 1980ల నాటి అపార్ట్‌మెంట్లు కొని, కిచెన్ కౌంటర్లూ ఫ్లోరింగూ మార్చి, అద్దె 150 పెంచి, ‘సి ని బి చేస్తాం’ అన్నారు. లోన్లు ఫ్లోటింగ్ రేటువి, అంటే వడ్డీ మారుతూ ఉండేవి. 2022 మార్చి దాకా సున్నా దగ్గరున్న ఫెడ్ రేటు (అమెరికా సెంట్రల్ బ్యాంకు వడ్డీ రేటు) 2023 జులైకి 5.25-5.50 శాతానికి చేరింది. ఆ తర్వాత క్యాపిటల్ కాల్స్ మెయిళ్ళు, ఇంకా డబ్బు పెట్టమని. అక్కడ అక్షరం మారినా మారకపోయినా ఒకటే అయింది.

ట్యాక్స్ లాభం సంగతేంటని కూడా అడుగుతారు. కట్టడం ధరని 27.5 ఏళ్ళకి పంచి ఏటా ఖర్చుగా చూపించే డిప్రిసియేషన్ వల్ల మాకొచ్చిన ఆ 1,914 మీద ట్యాక్స్ పడలేదు. అంతే. అద్దెల మీద నష్టాన్ని జీతంలో తగ్గించుకునే 25 వేల వెసులుబాటు ఆదాయం లక్ష దాటితే తగ్గుతూ లక్షన్నరకి పూర్తిగా పోతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. అమ్మినప్పుడు ఆ డిప్రిసియేషన్ లాభాన్ని రీక్యాప్చర్ అని తిరిగి తీసుకుంటారు కూడా.

అమ్మినప్పుడు అంటే గుర్తొచ్చింది. 2024 మొదట్లో అది 1,28,000కి పోయింది. నష్టపోయాం అని చెప్తే అబద్ధమే అవుతుంది. కానీ మాకు అమ్మింది నెలనెలా వచ్చే డబ్బు అని, వచ్చిందేమో ఆ ఐదేళ్ళలో ఊరంతటికీ పెరిగిన ధర. అదే 84 వేలు అదే ఐదేళ్ళు షేర్ మార్కెట్‌తో పాటు నడిచే ఎస్ అండ్ పీ ఇండెక్స్ ఫండ్‌లో పడేసి ఉంటే దాదాపు రెట్టింపయ్యేవి, అర్ధరాత్రి మురుగు ఫోటోలు చూసే పని లేకుండా. బాబాయ్‌కి ఈ పోలిక చెప్తే ఒప్పుకోడు. ఆయన ఇళ్ళన్నీ లోన్ల మీద కొన్నాడు, లెక్క వేరు. అది నిజమే. అప్పుతో కొన్నప్పుడు లాభమూ పెరుగుతుంది, సీవర్ లైన్ పగిలిన నెల భయమూ పెరుగుతుంది. మా ఇంటికి లోన్ దొరికి ఉంటే నా అభిప్రాయం ఇలాగే ఉండేదా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

మళ్ళీ ఆ కుర్రాడు

రెండోసారి ఫోన్ చేసినప్పుడు క్లాస్ గురించి మాట్లాడలేదు నేను. మూడు కాగితాలు అడగమన్నాను. గత రెండేళ్ళ అద్దె ఖాతా, ఏ తారీఖున ఎంత పడిందో నెలనెలా చూపించేది. గత రెండేళ్ళ రిపేర్ బిల్లులు. రూఫ్, ఫర్నేస్, వాటర్ హీటర్ వేసిన సంవత్సరాలు. వాటితోపాటు సీవర్ కెమెరా. "అవన్నీ ఇస్తారా అక్కా?" అన్నాడు. ఇవ్వకపోతే అదీ ఒక జవాబే అన్నాను. పని ఎవరు చేస్తారో, వాళ్ళకి అందులో ఎంత మిగులుతుందో కూడా కనుక్కోమన్నాను. అది అడగడానికి మొహమాటపడ్డాడు.

వారం తర్వాత అర్ధరాత్రి వీడియో పంపాడు. చీకటి పైపు, అందులో జడలా అల్లుకుపోయిన వేళ్ళు, కెమెరా అక్కడికెళ్ళి ఆగిపోయింది. చూడగానే మా ఇంటిదే అనిపించింది. అమ్మేవాళ్ళని 5 వేలు తగ్గించమని అడిగాడు, కుదరదన్నారు, వదిలేశాడు.

పది రోజుల తర్వాత అదే ఇల్లు గ్రూపులో మళ్ళీ వచ్చింది. ధర 2 వేలు తగ్గింది. ఈసారి ‘సాలిడ్ బి’.